మగ్గపు ఇంట గర్భిణికి దురద: రంగు నెపముతో ఊరకుండరాదు

మన పత్రికలో సాధారణముగా నూలు ధర, రిబేటు, కైలీల అమ్మకము, సభ్యుల వాటాధనము మొదలైన సంగతులే వ్రాయుచున్నాము. ఈ సంచికలో గర్భిణీ స్త్రీల దురదను గురించి వ్రాయుట చూచి కొందరు సభ్యులు నవ్వవచ్చును. "సెక్రటరీగారికి ఆడవాళ్ళ సంగతి ఎందుకు?" అని అడుగువారును ఉందురు. ఎందుకో ముందుగా చెప్పి, తరువాత విషయమునకు వచ్చెదము.

గుడియాత్తం ప్రక్కన కాపురమున్న మన సభ్యుడొకరు ఒక శుక్రవారము కార్యాలయమునకు వచ్చినారు. నేసిన కైలీలు అప్పగించి, "కొంచెం అడ్వాన్సు కావలయ్యా, కోడల్ని వేలూరు తీసుకపోవాల" అన్నారు. ఏమి జబ్బని అడిగినాము. "జబ్బేమీ లేదు. ఎనిమిదో నెల. రాత్రంతా అరికాళ్ళు గోక్కుంటా కూర్చుంటుంది. రంగు నూలు పడలేదేమో అంటా ఉంది ఇంట్లో" అన్నారు. మేమును అట్లే అనుకొన్నాము. రంగు పడక చేతులు దురద పెట్టుట మనకు క్రొత్త కాదు గదా! "కూలి బిల్లు మంగళవారం పాసవుతుంది, అప్పుడు పోవచ్చు. అంతవరకూ ఆ అమ్మాయిని కండెలు చుట్టనీయవద్దు" అని చెప్పి పంపినాము.

మరునాడు ఆ వీధికి వచ్చిన ఆరోగ్య నర్సు ఆ ఇంట కూర్చుండి కోడలిని రెండు ప్రశ్నలు అడిగినది. ఒంటిమీద దద్దురు ఉన్నదా? మొదటి కాన్పులో కూడ ఇట్లే దురద పెట్టెనా? దద్దురు లేదు. మొదటి కాన్పులో దురద ఉన్నది. ఆ మొదటి బిడ్డ తొమ్మిదవ నెలలో కడుపులోనే పోయినది. ఈ రెండు సంగతులకును సంబంధముండవచ్చునని అంతవరకు ఆ ఇంట ఎవరికిని తోచలేదు. దిష్టి అని కొందరు, ఆమె రాత కొందరు అనుకొని మరచిపోయినారు.

నర్సు ఆ సాయంకాలమే వారిని పెద్దాసుపత్రికి పంపినది. రక్తపరీక్షలో కాలేయమునకు సంబంధించిన దోషము బయటపడినది. డాక్టర్లు ఆమెను చేర్చుకొని, కనిపెట్టి చూచి, నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేయించినారు. ఆడపిల్ల. బరువు కొంచెము తక్కువైనను తల్లీ బిడ్డా సుఖముగా ఇల్లు చేరినారు.

ఆ నర్సు రాకపోయి యుండినచో వారు మా మాట విని మంగళవారము వరకు ఆగియుందురు. ఆ నాలుగు దినములలో ఏమి జరిగియుండునో ఎవరు చెప్పగలరు? ఈ తలపు మమ్ములను చాల దినములు విడువలేదు. ఆ కుటుంబమువారి అనుమతితో, పేరు చెప్పక, ఈ సంగతి వ్రాయుచున్నాము. ఇందులోని వైద్య విషయములు డాక్టర్లను, నర్సులను అడిగి తెలిసికొన్నవి. ఇది చదివి ఎవరును ఇంట వైద్యము చేసికొనవలెనని కాదు; ఎప్పుడు ఆసుపత్రికి పోవలెనో తెలియవలెనని మా ఉద్దేశము.

మామూలు దురద

గర్భిణులలో దాదాపు అయిదుగురికి ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు దురద కలుగును. అందులో ఎక్కువ భాగము ప్రమాదము లేనిదే. కడుపు పెరిగిన కొలది చర్మము సాగును. ఒంటిలో వేడి, చెమట హెచ్చును. చర్మము పొడిబారును. మన వేలూరు ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కడుపుమీద, తొడలమీద, రొమ్ములమీద చర్మము సాగినచోట కొంచెము దురద పుట్టి, నూనె వ్రాయగానే తగ్గినచో దిగులుపడ నక్కరలేదు.

ఇట్టి దురదకు ఇంట చేసికొనదగిన పనులు కొన్ని కలవు.

స్నానము చల్లని లేక గోరువెచ్చని నీటితో చేయవలెను. కాగిన నీళ్ళు పోసికొన్నచో ఆ క్షణమునకు హాయిగా ఉండును గాని, తరువాత చర్మము ఎండి దురద హెచ్చును. ఘాటైన సోపు మాని, వాసన లేని మెత్తని సోపు కొద్దిగా వాడవలెను. ఒళ్ళు తుడుచుకొని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని, వాసన లేని మామూలు క్రీము గాని రాచుకొనవలెను. దురద ఎక్కువైన చోట చల్లని తడిగుడ్డ వేసి ఉంచవచ్చును. మందుల దుకాణములో దొరకు కాలమైన్ ద్రవము రాచుకొనవచ్చును. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకొనవలెను. గోకి పుండు చేసికొన్నచో చీము పట్టును. వదులైన నూలు బట్టలు కట్టవలెను. ఈ విషయములో మనము ఇతరులను అడుగనక్కరలేదు. మనము నేసిన బట్టకంటె మంచిది మరి లేదు.

దురద తగ్గుటకు మాత్రలు ఉన్నవి. వానిలో కొన్ని గర్భిణులకు ఇవ్వదగినవే. అయినను దుకాణములో అడిగి తెచ్చుకొనరాదు. ఎన్నవ నెలయో, ఇతర జబ్బులేమైన ఉన్నవో చూచి డాక్టరే ఇవ్వవలెను.

రంగు దురద ఎట్లుండును?

మన ఇండ్లలో నూలుకు రంగు వేయుట, గంజి పెట్టుట, ఆరవేయుట, కండెలు చుట్టుట ఎక్కువగా స్త్రీలే చేయుచున్నారు. కాస్టిక్ సోడా, హైడ్రోస్, బ్లీచింగు పొడి మొదలైనవి చర్మమును తినివేయును. కొన్ని రంగులు కొందరికి పడవు. నూలు ధూళి మెడకు, ముంజేతులకు అంటి దురద పెట్టును. ఇదంతయు నిజమే. మగ్గపు ఇంట దురద అనగానే రంగును తలచుట అందువలననే.

అయితే రంగు దురదకు గుర్తులున్నవి. రంగు తగిలినచోటనే అది పుట్టును. వ్రేళ్ళు, మణికట్టు, ముంజేయి ఎర్రబారును, పగులును, పొక్కును. కంటికి కనబడును. పని మానిన రెండు మూడు దినములలో తగ్గుముఖము పట్టును. మరల పని మొదలుపెట్టగానే తిరుగబెట్టును. రంగు తొట్టిని తాకని చోట, అనగా చెప్పు తొడిగిన పాదములకో, చీర కప్పిన వీపునకో, అది సాధారణముగా పోదు.

గర్భిణిని రంగు తొట్టి దగ్గరకు, కాస్టిక్ సోడా దగ్గరకు పంపకుండుటయే మంచిది. తప్పనిసరి అయినచో రబ్బరు చేతితొడుగులు వేసికొని, గాలి ఆడు చోట పని చేయవలెను. చేతికంటిన రంగు పోవుటకు బ్లీచింగు పొడితోను, కిరసనాయిలుతోను రుద్దు అలవాటు మనలో కొందరికి ఉన్నది. ఇది గర్భిణికే కాదు, ఎవరికిని తగదు. మంచి నీటితో, మెత్తని సోపుతో కడిగి నూనె రాచిన చాలును. మిగిలిన రంగు రెండు దినములలో అదే పోవును.

గజ్జి, తామర, ఇతర దద్దుర్లు

గజ్జి కూడ రాత్రివేళ దురద పెట్టును. కాని వ్రేళ్ళ సందులలో, మణికట్టు దగ్గర, నడుము చుట్టు చిన్న పొక్కులు కనబడును. ఇంటిలో మరొకరికి గూడ ఉండును. దీనికి గర్భిణులకు గూడ వాడదగిన క్రీములు ఉన్నవి. అయితే ఇంటిలోనివారందరు ఒకే దినమున రాచుకొని, పక్కబట్టలు వేడినీట ఉతికి ఎండవేసిననే గజ్జి పోవును. ఒక్కరు రాచుకొని లాభము లేదు.

తామర వలయాకారముగా, అంచు ఎర్రగా ఉండి వ్యాపించును. దుకాణములో ఇచ్చు కలగలుపు ఆయింటుమెంట్లలో చాలవాటిలో స్టిరాయిడు మందు ఉండును. రాచిన రెండు దినములు మాయమైనట్లే ఉండి, తరువాత తామర ఇంకను పెద్దదై మొండిపడును. వైద్యుని చీటి లేకుండ వానిని కొనరాదు.

మొదటి కాన్పులో, నెలలు నిండునప్పుడు, కడుపుమీద చర్మము చీలినట్లున్న చారలలో ఎర్రని దద్దుర్లు లేచి తొడలకు ప్రాకుట కొందరికి కలదు. బొడ్డుచుట్టు మాత్రము సాధారణముగా ఉండదు. ఇది విసుగు పుట్టించును గాని బిడ్డకు హాని చేయదు. కాన్పు తరువాత పోవును. దీనికి విరుద్ధముగా, బొడ్డు దగ్గరనే మొదలై నీటి బొబ్బలుగా మారు దద్దురు చాల అరుదు. అది వచ్చినచో ఆలస్యము చేయక డాక్టరుకు చూపవలెను.

ఇంతవరకు చెప్పినవన్నియు కంటికి కనబడునవి. ఇకమీదట చెప్పబోవునది కంటికి కనబడదు. అసలు ఈ వ్యాసము దానికొరకే.

దద్దురు లేని దురద

మన ఒంటిలో కాలేయము పైత్యరసమును తయారుచేసి ప్రేగులకు పంపుచుండును. తిన్న కొవ్వు అరుగుటకు అది కావలెను. గర్భము పెరిగిన కొలది ఒంటిలో హెచ్చు హార్మోనుల వలన, కొందరికి పుట్టుకతో వచ్చిన తత్వము వలన, ఈ రసము సాఫీగా పారదు. అద్దకపు కొట్టములో కాలువ పూడినచో రంగునీరు వెనుకకు తన్ని నేలంతయు పరచుకొనును గదా! అట్లే పైత్యరసములోని ఆమ్లములు వెనుకకు మళ్ళి రక్తములో చేరును. అప్పుడు పుట్టునదే ఈ దురద.

దీని గుర్తులు ఇవి. సాధారణముగా ఏడవ నెల దాటిన తరువాత వచ్చును. ముందుగా గూడ రావచ్చును. అరచేతులలో, అరికాళ్ళలో ఎక్కువగా ఉండును, ఒళ్ళంతయు ప్రాకవచ్చును. రాత్రివేళ హెచ్చి నిద్ర పట్టనీయదు. చర్మముమీద దద్దురు గాని, పొక్కు గాని ఉండదు. గోకిన చారలు మాత్రము కనబడును. నూనె వ్రాసినను, పని మానినను తగ్గదు. కొందరికి మూత్రము ముదురు రంగులోను, మలము తెల్లబారియు ఉండును. కొద్దిమందికి మాత్రమే కళ్ళు పచ్చబడును. కళ్ళు పచ్చబడలేదు గనుక కాలేయము బాగుగనే ఉన్నదనుకొనుట పొరపాటు.

మగ్గపు ఇంటివారు ఒక్కటి గుర్తుంచుకొన్న చాలును. అమావాస్యనాడు మగ్గము ఆగును. రంగు దురదయైనచో పని లేని దినములలో కొంతైన తెరపి ఇయ్యవలెను. మగ్గము ఆగినను, రంగు ముట్టకున్నను అరికాళ్ళ దురద ఆగనిచో అది రంగువలన వచ్చినది కాదని అనుమానింపవలెను. అయితే అనుమానము తీర్చుకొనుటకు అమావాస్య వరకు కాచుకొని ఉండరాదు.

ఇది క్రొత్త జబ్బు కాదు. 1883లోనే ఆల్‌ఫెల్డ్ అను జర్మను వైద్యుడు దీనిని గురించి వ్రాసినాడు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశములో ఒకప్పుడు ఇది చాల ఎక్కువగా ఉండెడిది. బ్రిటనులో సుమారు 140 మంది గర్భిణులలో ఒకరికి వచ్చుచున్నదని అక్కడి వైద్యుల లెక్క. అదే దేశములో కాపురమున్న భారత, పాకిస్తాన్ సంతతి స్త్రీలలో నూటికి ఒకరికంటె కొంచెము హెచ్చుగా వచ్చుచున్నది. అనగా మనవారికి ఇది దూరపు జబ్బు కాదు.

కవలలు ఉన్నవారికి, కాలేయపు జబ్బు గాని పిత్తాశయములో రాళ్ళు గాని ఉన్నవారికి, తల్లికో అక్కచెల్లెండ్రకో ఇట్లే వచ్చినవారికి అవకాశము ఎక్కువ. ముందు కాన్పులో వచ్చినవారికి తరువాత కాన్పులో మరల వచ్చుట చాల సాధారణము. కాబట్టి కోడలికి దురద అని తెలిసినప్పుడు పుట్టింటివారిని కూడ ఒక మాట అడుగుట మంచిది.

బిడ్డకు ఏమగును?

తల్లికి ఈ జబ్బు బాధయే గాని సాధారణముగా ప్రాణాపాయము కాదు. కాన్పు అయిన కొన్ని దినములలో, లేదా కొన్ని వారములలో దురద పోవును. భయము బిడ్డను గురించియే. బిడ్డ నెలలు నిండక పుట్టవచ్చును. ఉమ్మనీటిలో మలము విడువవచ్చును. రక్తములో ఆ ఆమ్లములు మిక్కిలి హెచ్చినచో బిడ్డ కడుపులోనే చనిపోవుట గూడ కలదు.

ఇది విని గర్భిణులెవ్వరు గుండె చెదరనక్కరలేదు. 2019లో ప్రచురింపబడిన ఒక పెద్ద పరిశోధనలో అనేక దేశముల లెక్కలు కలిపి చూచినారు. రక్తములో పైత్యరసపు ఆమ్లములు లీటరుకు 100 మైక్రోమోలులు, లేక అంతకు పైన చేరినవారిలో నూటికి సుమారు ముగ్గురు బిడ్డలు కడుపులో పోయినారు. 100కు లోపల ఉన్నవారిలో ఇది వేయింటికి మూడు కంటె తక్కువ. అనగా ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి బిడ్డ క్షేమముగానే పుట్టును. ఎవరు ఆ కొద్దిమందిలో చేరుదురో రక్తపరీక్ష చేసిననే తెలియును. ఇంట కూర్చుండి ఊహించుటకు వీలులేదు. పరీక్ష ఎందుకనువారికి మా జవాబు ఇదియే.

పరీక్షలు, చికిత్స

డాక్టరు రెండు రక్తపరీక్షలు వ్రాయుదురు. ఒకటి కాలేయపు పరీక్ష, ఆసుపత్రిలో ఎల్.ఎఫ్.టి. అని చెప్పుదురు. రెండవది బైల్ యాసిడ్ పరీక్ష. మొదటిది అనేక చోట్ల చేయుదురు. రెండవది అన్ని చోట్ల దొరకదు. పెద్ద ఆసుపత్రికి పోవలసి రావచ్చును.

ఒక ముఖ్య విషయము. దురద ముందు వచ్చి, రక్తములో మార్పు కొన్ని వారములు ఆలస్యముగా కనబడుట కలదు. కాబట్టి మొదటి పరీక్షలో ఏమియు లేదని చెప్పినను, దురద తగ్గనిచో మరల పోయి పరీక్ష చేయించుకొనవలెను. "మొన్ననే చూపించినాము గదా" అని మానరాదు.

దీనికి అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లము అను మాత్ర ఇచ్చు ఆచారమున్నది. 2019లోనే బ్రిటనులో 605 మంది స్త్రీలపై చేసిన పరీక్ష ప్రకటింపబడినది. దురద కొంచెము తగ్గును గాని, బిడ్డకు కలుగు అపాయములు ఈ మాత్రవలన తగ్గినట్లు అందులో తేలలేదు. ఇవ్వవలెనా, వద్దా అన్నది డాక్టరు నిర్ణయము. మాత్ర మ్రింగుచున్నాము గనుక ఇక పరీక్షలు అక్కరలేదని మాత్రము అనుకొనరాదు.

అసలు చికిత్స ఏమనగా, పరీక్షలు మరల మరల చేసి, తగిన సమయమున కాన్పు చేయించుటయే. బ్రిటను వైద్యుల పద్ధతి ప్రకారము, ఆమ్లములు 100కు మించినవారికి 35-36 వారములలోను, 40 మొదలు 99 వరకు ఉన్నవారికి 38-39 వారములలోను, అంతకు తక్కువైనవారికి 40 వారములలోపలను కాన్పు చేయించుట మంచిదని చెప్పుదురు. మన డాక్టర్లు ఒక్కొక్కరి స్థితి చూచి చెప్పుదురు. "నెలలు నిండకుండ ఎందుకు కోయుదురు? డబ్బుకోసమే" అని మనవారు వాదించుట వినియున్నాము. సందేహమున్నచో "రక్తములో అంకె ఎంత వచ్చినది?" అని అడుగుడు. అడుగుటకు మనకు హక్కు ఉన్నది. అంకె తెలిసిన తరువాత మంచి ముహూర్తమునకై కాలయాపన చేయవద్దు.

బిడ్డ గుండె చప్పుడు ఈ దినము బాగుగా ఉన్నంతమాత్రమున రేపటికి హామీ కాదు. బిడ్డ కదలికను తల్లియే కనిపెట్టి చూడవలెను. కదలిక తగ్గినట్లు తోచినచో రాత్రియైనను పోవలెను.

కామెర్లు, పసరు మందు

గర్భిణికి కళ్ళు పచ్చబడినచో మన ప్రాంతములో వెంటనే నేల ఉసిరి నూరి పసరు పోయుదురు. వారము దినములు పథ్యము పెట్టుదురు. పెద్దల మాటను తీసివేయుట మా ఉద్దేశము కాదు. కాని గర్భిణి విషయములో ఆ వారము చాల విలువైనది. కలుషితమైన నీటివలన వచ్చు హెపటైటిస్ ఇ అను కామెర్ల జబ్బు ఇతరులకు సాధారణముగా తగ్గిపోవును. నెలలు నిండిన గర్భిణికి మాత్రము ప్రాణాంతకము కావచ్చును. గర్భములో కాలేయము చెడు ఇతర జబ్బులును కలవు. ఏది ఏదో పసరు పోయువారు చెప్పలేరు. కళ్ళు పచ్చబడిన దినమే ఆసుపత్రికి పోవలెను. గర్భిణిని పస్తు పెట్టరాదు. నీరు కాచి చల్లార్చి త్రాగవలెను.

ఎప్పుడు పోవలెను?

గోడకు అంటించుకొనుటకు వీలుగా ఈ భాగమును వేరుగా వ్రాయుచున్నాము.

ఆ వారములోనే నర్సుకు లేక డాక్టరుకు చూపవలసినవి: నూనె, కాలమైన్ వాడినను తగ్గని దురద, వ్యాపించుచున్న దద్దురు, ఇంటిలో పలువురికి ఉన్న గజ్జి, రంగు పని మానినను మానని చేతి పుండు.

ఆ దినమే, లేదా మరునాడు తప్పక చూపవలసినవి: దద్దురు లేకుండ అరచేతులలో, అరికాళ్ళలో దురద, రాత్రి నిద్రపట్టనీయని దురద, ముదురు మూత్రము, తెల్లని మలము, నీటి బొబ్బలు, ముందు కాన్పులో ఇట్టి దురద గాని, కడుపులో బిడ్డ పోవుట గాని ఉన్నవారికి ఏ దురదయైనను.

క్షణము ఆగక పోవలసినవి: బిడ్డ కదలిక తగ్గుట లేక ఆగుట, కళ్ళు పచ్చబడుట, కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి, ఆగని వాంతులు, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము, చేతులు ఉబ్బుట, రక్తస్రావము, జ్వరముతో కూడిన మగత.

ఎక్కడికి పోవలెను?

గుడియాత్తంలో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. అక్కడ చూపి, అవసరమైనచో వారు వ్రాసిన చీటితో వేలూరు పోవచ్చును. వేలూరికి సమీపమున అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. వేలూరు సి.ఎం.సి. సంగతి అందరికిని తెలిసినదే. బాగాయంలో వారి చాడ్ ఆసుపత్రి గూడ ఉన్నది. అత్యవసరమైనచో 108కు ఫోను చేసిన బండి ఉచితముగా వచ్చును. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరుచే ఉచిత పరీక్ష జరుగు పథకము ఉన్నది. కాని పైన చెప్పిన గుర్తులున్నచో 9వ తేదీకై ఎదురుచూడరాదు.

పలమనేరు, చిత్తూరు ప్రాంతములనుండి మన ఇండ్లకు కోడండ్రుగా వచ్చిన అమ్మాయిలకు తమిళము సరిగా రాదు. నర్సు అడిగినప్పుడు సిగ్గుపడి, తల ఊపి, "ఒణ్ణుమిల్లై" అని వచ్చివేయుదురు. వారు కొన్ని మాటలు నేర్చుకొన్న చాలును. దురదను అరిప్పు అందురు. అరచేయి ఉళ్ళంగై, అరికాలు ఉళ్ళంగాల్, రాత్రి ఇరవు. ఈ నాలుగు మాటలు చెప్పగలిగినచో నర్సు మిగిలినది అర్థము చేసికొనును. గర్భిణీ కార్డు, పిక్మి సంఖ్య, ముందు కాన్పు కాగితములు ఒక సంచిలో పెట్టి సిద్ధముగా ఉంచుకొనుడు.

ఆసుపత్రికి పోవుటలో ఆలస్యము ఎంత పని చేయునో మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. 1890ల తొలినాళ్ళలో తిండివనములో ఒక రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడుమని ఐడా స్కడర్ అను అమ్మాయిని అడిగినారు. ఆమె తండ్రి వైద్యుడు, ఆమె కాదు. పురుష వైద్యుడు తమ స్త్రీలను ముట్టుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయినారు. ఆ అమ్మాయి అమెరికా పోయి వైద్యము చదివి, 1900లో వేలూరు వచ్చి, 1902లో 40 పడకల ఆసుపత్రి తెరచినది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల స్థాపించినది. గుడియాత్తం దారివెంట వారమునకొకమారు వచ్చి రోడ్డుప్రక్క చెట్లక్రింద రోగులను చూచినది. ఆనాడు వైద్యము మన వాకిటికి నడచివచ్చినది. ఈనాడు గుడియాత్తం నుండి బస్సు ఎక్కిన వేలూరు ఎంత దూరము? అయినను మంగళవారము పోవచ్చునని చెప్పినవారము మేము.

కాన్పు తరువాత

దురద పోయినది గనుక అంతటితో సరి అనుకొనరాదు. కాన్పయిన నెల, నెలన్నరకు ఒకమారు రక్తపరీక్ష చేయించి కాలేయము బాగుపడినదని తెలిసికొనవలెను. బిడ్డకు పాలు ఇవ్వవచ్చును. గర్భనిరోధక మాత్రలు వాడదలచినచో ఈ జబ్బు వచ్చిన సంగతి ముందుగా డాక్టరుకు చెప్పవలెను. తరువాతి గర్భము నమోదు చేయు నాడే నర్సుకు ఈ మాట చెప్పవలెను. కాగితములు పారవేయవద్దు.

కడపటి మనవి

అత్తగార్లకు ఒక మనవి. కోడలు రాత్రి లేచి కూర్చున్నదని తెలిసినప్పుడు, "మాకు లేదా కడుపు, మేము కనలేదా?" అనకుండ, ఎక్కడ దురద పెట్టుచున్నదో అడుగుడు. దీపము పెట్టి ఆమె అరచేతులు, అరికాళ్ళు చూడుడు. ఏమియు కనబడకుండుటయే అపాయపు గుర్తు కావచ్చునని ఇప్పుడు మీకు తెలిసినది.

మగవారికి ఒక మనవి. మగ్గముమీద సగము నేసిన పావు ఉన్నదని, ఎల్లుండి సరుకు అప్పగించవలెనని ప్రయాణము వాయిదా వేయవద్దు. పావు రెండు దినములు ఆగును.

ఇక సంఘము సంగతి. కూలి బిల్లు పాసైనను, కాకున్నను, గర్భిణిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు సభ్యులు ఏ దినమున వచ్చి అడిగినను అడ్వాన్సు ఇచ్చునట్లు మా కార్యాలయములో ఏర్పాటు చేసినాము. ఎందుకని విచారించుట లేదు. ఎన్నవ నెల అని మాత్రము వ్రాసికొనుచున్నాము. ఇతర సంఘముల కార్యదర్శులు కూడ ఇట్లే చేయవలెనని కోరుచున్నాము. బిల్లుకు తేదీ ఉన్నది. బిడ్డకు అట్టి తేదీ పెట్టుటకు మనమెవరము?

ఆ ఆడపిల్ల ఇప్పుడు తప్పటడుగులు వేయుచున్నది. తాతగారు కైలీలు అప్పగించ వచ్చునప్పుడు ఒక్కొక్కమారు చంకనెత్తుకొని తెచ్చును. మా బల్లమీది కాగితములన్నియు లాగివేయును. మేము ఏమియు అనము.